హైలాండ్స్ వాగు పక్కన రాతి గుడిసె: దొంగ విస్కీ బట్టీ అని దేన్ని చూసి తేల్చాలి?

కొండగాలి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. స్కాట్లాండ్ కొండ ప్రాంతమైన హైలాండ్స్‌లో గ్లెన్‌లివెట్, స్ట్రాత్‌డాన్ లోయల మధ్య ల్యాడర్ హిల్స్ వైపు నడిచేవాళ్ళకు పాత రాతి కట్టడాల శిథిలాలు అడుగడుగునా తగులుతాయి. ఎవర్ని అడిగినా "అవా, దొంగ విస్కీ కాచిన గుడిసెలు" అనేస్తారు. అన్నీ అవేనంటే నమ్మబుద్ధి కావట్లేదు. ఒకే లోయలో మూడు రకాలు ఉన్నాయి. ఉజ్జాయింపు కొలతలు ఇస్తున్నాను.

అ) దాదాపు 480 మీటర్ల ఎత్తున, చుట్టూ హెదర్ పొదలే, అక్కడ మాత్రం పచ్చటి గడ్డి. ఆ గడ్డిలో ఎనిమిదో తొమ్మిదో దీర్ఘచతురస్రపు గట్లు. ఒక్కోటి లోపల 5 మీటర్ల పొడవు, రెండున్నర వెడల్పు. గోడలు మోకాలెత్తు కూడా లేవు.

ఆ) దాని దిగువన పిల్లవాగు కోసుకుపోయిన లోతైన గాడిలో ఒంటరి గుడిసె. లోపల మూడున్నర మీటర్లు, రెండు మీటర్లు. గోడలు మూడు వైపులే. నాలుగో వైపు ఒడ్డునే తవ్వి రాయి పేర్చారు. గట్టు మీద పది అడుగుల దూరంలో నిలబడినా ఇది కంటపడదు.

ఇ) పాత పొలాల పక్కన, వాలులో గుండ్రటి గొయ్యి. పైన రెండు మీటర్ల వెడల్పు, కిందికి సన్నబడుతుంది, లోపలంతా రాతి కట్టు. అడుగున ఒక పక్కకి సొరంగంలాంటి దారి.

వీటిలో విస్కీ బట్టీ ఏది? కాచే కుండ, గొట్టం రాగివంటారు, కానీ రాగి ముక్క ఒక్కటీ కనపడలేదు, అందుకే సందేహం.

---

పాతగోడలు

మూడూ మూడు వేర్వేరు పనులకు కట్టినవండీ. తేలికైనదాంతో మొదలుపెడతాను.

(ఇ) ధాన్యం ఆరబెట్టే బట్టీ. అక్కడి వేసవిలో ఓట్లు, బార్లీ చేలో పూర్తిగా ఎండవు. గొయ్యి మూతి మీద అడ్డకర్రలు వేసి, వాటి మీద గడ్డి పరిచి, గింజలు పోసేవాళ్ళు. పొయ్యి ఆ సొరంగం అవతలి కొసన ఉంటుంది. మంట గడ్డికి అంటకుండా వేడిగాలి ఒక్కటే లోపలికి రావాలని అంత దూరం పెట్టారు. అయినా అంటుకునేవి, అందుకే ఇళ్ళకు కాస్త ఎడంగా కడతారు. విస్కీకి మొలకెత్తించిన బార్లీని ఆరబెట్టడానికీ ఇదే వాడారు, నిజమే. కానీ పిండి మర పట్టించుకోవాలన్నా ముందు ధాన్యం ఆరాలి కదా. అందుకని ఇది ఉన్నంత మాత్రాన విస్కీ కాచారని చెప్పలేం.

(అ) షీలింగ్. మన మాటల్లో వేసవి మంద గుడిసెలు. మే నెలలో పశువుల్ని కొండ మీది మేతకు తోలుకెళ్ళి ఆగస్టు దాకా అక్కడే ఉండేవాళ్ళు. ఎక్కువగా ఆడవాళ్ళు, పిల్లలు. పాలు పిండి, వెన్న తీసి, జున్ను కట్టేవాళ్ళు. తరాల తరబడి పడిన పేడ వల్లే అక్కడి నేల ఇప్పటికీ పచ్చగా ఉంది. దూరం నుంచి షీలింగ్‌ను పట్టించేది ఆ పచ్చదనమే. గుడిసెలు గుంపుగా ఉంటాయి, పాతది కూలితే దాని దిబ్బ మీదే కొత్తది లేపుతారు. కొన్నిటికి పక్కన పాలు దాచే చిన్న అర అతుక్కుని ఉంటుంది. గోడలో రాయి కొంతే, మిగతాదంతా గడ్డిపెళ్ళలు, అందుకే కూలాక గట్టులా మిగిలింది. బెన్ లాయర్స్ కొండ వాలుల్లో ఇలాంటివి పురావస్తు పరిశోధకులు పద్ధతిగా తవ్వి చూశారు కూడా.

"వాగు పక్కనే ఉంది కదా" అని షీలింగ్‌లను బట్టీలుగా చెప్పేవాళ్ళు ఒక సంగతి మరిచిపోతారు. మంద గుడిసె వేసవిది, బట్టీ ఎక్కువగా చలికాలానిది. బార్లీ కోత అయ్యేదే శరదృతువులో. చలికాలంలో వాగు నీళ్ళు మంచులా ఉంటాయి, సేద్యం పనులుండవు, మంచు పడితే ఎక్సైజ్ వాళ్ళు లోయలోకి రావడం కష్టం. అలాంటప్పుడు 480 మీటర్ల ఎత్తున, నాలుగు దిక్కులా కనిపించే బయలులో బార్లీ మూటలు, పీటు (బురద నేలల్లో తవ్వి ఎండబెట్టి కాల్చే మట్టి) మోసుకెళ్ళి మంట పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు. వదిలేసిన షీలింగ్‌లో ఒకటీ అరా అలా వాడి ఉండొచ్చు. అలా అని చెప్పాలంటే మాత్రం అక్కడ వేరే ఆధారం కావాలి.

ఆలోచించాల్సింది (ఆ) ఒక్కటే. అది గొర్రెల దొడ్డి కాదు, దొడ్డి ఇంత చిన్నగా ఉండదు, ఇంత దాగి ఉండదు, దాని గోడలు నడుమెత్తుకి పైనే నిలిచి ఉంటాయి. గ్రౌస్ పిట్టల వేటకు కట్టిన మరుగు గోడ కూడా కాదు. అవి అర్ధచంద్రాకారంలో, ఒకదాని తర్వాత ఒకటి వరసగా కొండ భుజం మీద ఉంటాయి.

రాగి గురించి దిగులు వద్దు. బట్టీలో విలువైంది రాగి ఒక్కటే. దాడి జరిగితే ఎక్సైజ్ వాళ్ళు నలగ్గొట్టి పట్టుకెళ్ళారు, జరగకపోతే సొంతదారే మోసుకెళ్ళాడు. తవ్విన చోట్లలో కూడా సాధారణంగా మిగిలేది పొయ్యి, బూడిద, నీటి కాలువ, కుండపెంకులు, మాడిన గింజలు.

---

రాగికుండ

పైన చెప్పినదంతా సరే. నేను డిస్టిలేషన్ వైపు నుంచి చెప్తాను, ఎందుకంటే ఆ గుడిసె కొలతలు ఆ పని నుంచే పుడతాయి.

ఆ కాలపు చిన్న కుండలో ఒక విడతకు 40 లీటర్లు పోస్తారనుకోండి. పక్కన 200 లీటర్ల ఊట, అంటే కాచడానికి పులియబెట్టిన ద్రవం. అంత ఊటకు 50 కిలోల మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) కావాలి, అంటే ఒక గుర్రం మోతలో సగం. మొలకెత్తించడం, ఆరబెట్టడం ఊళ్ళోనే అయిపోతుంది. ఎండిన మాల్ట్ తేలిక, ఊట బరువు. కాబట్టి నలగ్గొట్టి వేడినీళ్ళలో నానబెట్టడం, పులియబెట్టడం, కాచడం మూడూ నీళ్ళున్న చోటే జరగాలి. మన దగ్గర బెల్లం ఊట డ్రమ్ముల్ని అడవిలో వాగుల పక్కన పాతిపెట్టేది కూడా ఈ లెక్కతోనే.

200 లీటర్ల ఊటను 40 లీటర్ల చొప్పున ఐదు విడతలుగా కాచాలి. ప్రతి విడతలో మూడో వంతు దించుకుంటే మొత్తం 65 లీటర్ల మొదటి కాపు, ఇందులో ఆల్కహాల్ 20 శాతం చిల్లర. దాన్ని మళ్ళీ కాస్తే మొదట వచ్చే ఘాటైన కొంత, చివర వచ్చే వాసన నీళ్ళు పక్కకు పోను, మధ్యలో నిలిచేది 13, 14 లీటర్లు. ఇదంతా ఒక పగలు, ఒక రాత్రి ఆగకుండా సాగే పని. అన్ని గంటలు పీటు కాలితే బూడిద ఎంత వస్తుందో ఊహించండి. గుడిసె ముందు వాలు మీదికో, నేరుగా వాగులోకో పారబోస్తారు. రెండుమూడు చలికాలాలు పనిచేసిన చోట గుమ్మం ముందు గడ్డి కింద నారింజ, బూడిద రంగు మట్టి పొర ఉండాలి. కుందేళ్ళు తవ్విన బొరియలో, వాగు కోసిన ఒడ్డులో చూడండి, మీరు గునపం పట్టక్కర్లేదు.

ఇక అసలైనది నీళ్ళు. ఆవిరి ద్రవమయ్యేది రాగి చుట్టలో. ఆ చుట్ట నీళ్ళ తొట్టిలో మునిగి ఉండాలి. 40 లీటర్ల ఊట నుంచి 13 లీటర్లు దించడానికి, తొట్టి నీళ్ళు 30 డిగ్రీలు వేడెక్కుతాయనుకుంటే, దాదాపు 230 లీటర్ల చన్నీళ్ళు పడతాయి. మూడు గంటల కాపుకి నిమిషానికి లీటరుంపావు చొప్పున. చాలా తక్కువే! అందువల్ల పెద్ద ఏరు వెతకనక్కర్లేదు. ఏడాది పొడవునా ఆరిపోని సన్నటి ధార చాలు. పెద్ద వాగు ఒడ్డు కంటే, దాంట్లో కలిసే పిల్లవాగు మీదే ఇలాంటి గుడిసె ఉంటుంది. వరద భయం తక్కువ, దాగడం తేలిక.

నీళ్ళు చేత్తో తోడి పోసే పని కాదు, వాటంతట అవే రావాలి. అక్కడే శిథిలం దొరికిపోతుంది. ఆవిరి తొట్టి పైభాగంలో చుట్టలోకి వెళ్ళి, అడుగు పక్క నుంచి బొట్లుబొట్లుగా దిగుతుంది. ఆ గొట్టం కింద పాత్ర పట్టాలి కాబట్టి తొట్టిని 40 సెంటీమీటర్ల రాతి అరుగు మీద ఎత్తుతారు. తొట్టి మీటరు ఎత్తు. అంటే దాని అంచు నేల నుంచి 1.4 మీటర్లు. కాలువ నీళ్ళు దానికంటే పై నుంచి పడాలి. వాగు పది మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగుతుంటే, ఎగువన 15 నుంచి 20 మీటర్ల దగ్గర నీటిని మళ్ళించాలి. గుడిసె నుంచి వాగు వెంట పైకి ఇరవై పెద్ద అంగలు వేసి, ఒడ్డులో చిన్న కోతగానీ, అడ్డంగా పేర్చిన రాళ్ళుగానీ ఉన్నాయేమో చూడండి. అక్కణ్ణుంచి గుడిసె వెనకగోడ వైపు సన్నటి గాడి రావాలి. చివరి రెండు మూడు మీటర్లు చెక్క దోనె మీద వచ్చి ఉంటుంది, అది ఇప్పుడు మిగలదు. చిన్న జలపాతం కింద కట్టిన గుడిసె అయితే ఇంత కాలువ అక్కర్లేదు, దోనె ఒక్కటి సరిపోతుంది.

తొట్టిలో వేడెక్కిన నీళ్ళు పై నుంచి పొర్లి పోవాలి కాబట్టి గోడ అడుగున తూము ఉండాలి. లేకపోతే నేలంతా బురదై, పక్కనే ఉన్న పొయ్యి చల్లారిపోతుంది.

లోపలి అమరిక: ఒక మూల పొయ్యి, రాళ్ళు అర్ధవలయంగా, మంట వేసే నోరు గుమ్మం వైపు. దానికి మీటరు, మీటరున్నర దూరంలో తొట్టి అరుగు. మిగతా చోటు ఊట పీపాలకు. మూడున్నర మీటర్లు, రెండు మీటర్లు అంటే వీటన్నిటికీ సరిగ్గా సరిపోయే చోటు. ఇద్దరు మనుషులు నిలబడితే ఇక ఇరుకే.

---

జునిపర్_పొగ

పొగ సంగతి ఎవరూ ఎత్తలేదు. జునిపర్ (ఆ కొండల్లో పెరిగే సూదాకుల పొద) కట్టె పొగ రాదని దాన్నే వాడేవారంటారు. గుడిసె చుట్టూ జునిపర్ పొదలుంటే అది బట్టీకి సాక్ష్యమే కదా?

---

రాగికుండ

జునిపర్ మాట హైలాండ్స్ అంతటా వినిపిస్తుంది, బాగా ఎండిన సన్నటి కట్టె పీటు కంటే తక్కువ పొగ ఇవ్వడం నిజమే. సాక్ష్యం మాత్రం కాదు. రెండు వందల ఏళ్ళ నాటి పొదలు ఇప్పుడు ఉండటం, ఉండకపోవడం గొర్రెలూ జింకలూ మేసినదాన్ని బట్టి ఉంటుంది. పైగా పగలూ రాత్రీ కుండ కింద జునిపర్ ఒక్కటే మండించాలంటే ఒక్క చలికాలంలో ఆ లోయ బోడి అయిపోతుంది. అంటించడానికి, పట్టపగలు కాచాల్సి వచ్చినప్పుడు వాడి ఉంటారు. పొగను దాచడానికి వాళ్ళు ఎక్కువగా నమ్ముకున్నవి చీకటి, మబ్బు, లోతైన గాడి.

ఇంకోటి. కుండను మూడొంతులకు మించి నింపితే ఊట పొంగి, నురగ చుట్టలోకి ఎక్కుతుంది, దిగేది మడ్డిగా వస్తుంది. అందుకే ఒక సబ్బు ముక్క వేసేవారు. నురగ విరిగిపోతుంది. మంట పెద్దదైతే అడుగంటి, ఆ మాడు వాసన రెండో కాపులో కూడా పోదు. ఇవేవీ రాళ్ళలో మిగలవు. పొయ్యి నోరు సన్నగా, గాలికి ఎడంగా కట్టి ఉండటంలో మాత్రం మంటను అదుపులో పెట్టాలన్న జాగ్రత్త కనిపిస్తుంది.

---

లెడ్జర్1823

రాళ్ళ గురించి మీరంతా బాగా చెప్పారు. కాలం సంగతి కూడా చూడాలి, లేకపోతే ప్రతి గుడిసెనీ ఒకే గాటన కట్టేస్తాం.

స్కాట్లాండ్‌లో సారాయి మీద మొదటి పన్ను 1644లో. 1725లో మాల్ట్ పన్ను వచ్చినప్పుడు గ్లాస్గోలో అల్లర్లే జరిగాయి. అప్పటికీ ఇంటి అవసరానికి కాచుకోవడం తప్పు కాదు. 1781లో దాన్ని కూడా నిషేధించారు. అంటే ఆ ఏడాది దాకా ఇంటి వెనక కుండ పెట్టుకున్న రైతు దాక్కోవాల్సిన పనిలేదు. 1814 చట్టం ఇంకా వింత. హైలాండ్స్‌లో 500 గ్యాలన్ల కంటే చిన్న కుండకు అనుమతి లేదంది. కొండ లోయలో అంత కుండకు బార్లీ ఎవరి దగ్గరుంది? చిన్న రైతులకు చట్టబద్ధంగా కాచే దారే మూసేసి, దొంగ కాపుని ప్రభుత్వమే పెంచిపోషించింది. 1816లో ఆ హద్దుని 40 గ్యాలన్లకు దించారు. 1822లో శిక్షలు పెంచారు, 1823లో పన్ను సగానికి పైగా తగ్గించి, పది పౌండ్లకు లైసెన్స్ ఇచ్చారు. మరుసటి ఏడాదే గ్లెన్‌లివెట్‌లో జార్జ్ స్మిత్ లైసెన్స్ తీసుకుంటే, చుట్టుపక్కల దొంగ కాపువాళ్ళు తగలబెడతామని బెదిరించారు. ఆత్మరక్షణకు ఆయన జత పిస్తోళ్ళు పెట్టుకు తిరిగాడు.

కేసుల లెక్క చూడండి. 1823లో 14,000 దాకా పట్టివేతలు, 1834కి 692, 1874కి ఆరు. దొంగ కాపు ముమ్మరంగా సాగిన కాలం దాదాపు 1780 నుంచి 1825 వరకు.

ఇక్కడొక చిక్కుంది. ఆ ముమ్మరంలో ఎక్కువ కాపు మారుమూల గుడిసెల్లో జరగలేదని నా అభిప్రాయం. ఇంట్లో, కొట్టంలో, ఆ (ఇ) లాంటి ధాన్యపు బట్టీ పక్క గదిలోనే జరిగింది. ఊరంతా వాటాదారులే. రైతు కౌలు డబ్బు కట్టేది విస్కీ అమ్మి. అది తెలిసిన భూస్వామే మేజిస్ట్రేటు, జరిమానా నామమాత్రం. లోయ నుంచి బార్లీ బస్తాలు పట్నానికి మోస్తే కూలి గిట్టదు, అదే బార్లీ విస్కీ అయితే ఒక గుర్రానికి రెండు పీపాలు, ఒక్కోటి 35, 40 లీటర్లు. ఇలాంటి పరిస్థితిలో వాగు గాడిలో దాక్కోవాల్సిన అవసరం అందరికీ లేదు. పట్టు బిగిసిన కొద్దీ, ముఖ్యంగా 1820ల తర్వాత, కాపు కొండెక్కింది. స్ట్రాత్‌డాన్ పైన కార్గార్ఫ్ కోటలో 1827 నుంచి 1831 దాకా సైనికుల్ని పెట్టింది ఎక్సైజ్ వాళ్ళకు తోడుగానే. మీరు చూసిన లోయ ఆ కోటకు ఎంతో దూరం కాదు. కాబట్టి (ఆ) నిజంగా బట్టీ అయితే అది చివరి దశది కావడానికే ఎక్కువ అవకాశం.

దాగడమంటే చిన్న గుడిసే అనుకోవద్దు. లోక్ ఆర్డ్ అడవిలో వీ బ్రూచ్ కేరున్ అనే చోట పొడవాటి కట్టడాలు, పెద్ద ధాన్యపు బట్టీలు ఉన్నాయి. పాడుబడ్డ వ్యవసాయ క్షేత్రంలా కనిపించే ఆ చోటు దొంగ డిస్టిలరీ అయి ఉండొచ్చని పురావస్తు నిపుణులు అంటున్నారు. అంత పెద్ద ధాన్యపు బట్టీలు ఒక్క కుటుంబం తిండిగింజలకు అక్కర్లేదన్నది వాళ్ళ తర్కం.

చివరగా ఒక ముచ్చట. దొంగ బట్టీ ఆచూకీ చెప్తే ఐదు పౌండ్ల బహుమతి ఉండేదట. రాగి చుట్ట అరిగి చిల్లు పడ్డప్పుడు, పనికిరాని ఆ సామాను ఒక గుడిసెలో పెట్టి, సొంతదారే వెళ్ళి ఆచూకీ చెప్పి, వచ్చిన డబ్బుతో కొత్త చుట్ట కొనుక్కునేవాడని చెప్పుకుంటారు. ఎన్నిసార్లు జరిగిందో గానీ, చుట్ట ఎంత ఖరీదైందో దీన్నిబట్టి తెలుస్తుంది. అది నిజమైతే, మనకు దొరికే "బట్టీ గుడిసెల్లో" కొన్ని ఎక్సైజ్ వాళ్ళకు చూపించడానికే అలంకరించినవి అయ్యుండొచ్చు!

---

కొండగాలి

ఇంత వివరం వస్తుందనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. నా దగ్గరున్న ఫోటోలు మళ్ళీ చూశాను. గుడిసె ఎగువన ఒడ్డు వెంట అడుగు వెడల్పు గాడి ఉంది, పొడవు పది మీటర్లకు పైనే. లోపల ఒక మూల రాళ్ళు నారింజ రంగులో ఉన్నాయి. అంటే పొయ్యి ఉన్నట్టేనా? రాగికుండ గారు చెప్పిన అరుగు మాత్రం తెలియట్లేదు, లోపలంతా కూలిన రాళ్ళే.

---

పాతగోడలు

నారింజ రంగు దగ్గర తొందరపడొద్దు. ఆ కొండల్లో పీటు నేల నుంచి ఊరే నీళ్ళలో ఇనుము ఎక్కువ, అది రాళ్ళ మీద తుప్పు రంగు పూత వేస్తుంది. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. ఇనుపపూత నీరు ఊరే దారి వెంట చారలుగా ఉంటుంది, తడి వేలితో రుద్దితే ఊడుతుంది. నిప్పుకి కాలిన రాయి ఎరుపు లోపలికి దిగి ఉంటుంది, విరిగిన అంచులో కూడా కనిపిస్తుంది. పైగా అది పగుళ్ళిచ్చి పెచ్చులు లేస్తుంది, పక్కపక్క రాళ్ళన్నీ ఒకవైపు ముఖమే, మంట తగిలిన ముఖమే, ఎర్రబడి ఉంటాయి. మీ ఫోటోలో రంగు మూల నుంచి కిందికి జారినట్టుందా, లేక ఒక ఎత్తున పట్టీలా ఉందా? జారినట్టుంటే అది నీటి పనే.

గాడి విషయం ఆశ కలిగించేదే. అయితే గొర్రెలు నడిచిన దారి కూడా ఒడ్డు వెంట అడుగు వెడల్పుగానే ఉంటుంది. కాలువ అయితే వాలు ఒకేలా, చాలా మెల్లగా దిగుతుంది, ఎగువ కొస వాగు మట్టంతో కలుస్తుంది, దిగువ అంచున తవ్విన మట్టి సన్నటి గట్టులా ఉంటుంది. గొర్రెల బాట ఎత్తుపల్లాలు చూడదు, రాయి అడ్డమొస్తే ఎక్కి దిగుతుంది. రెండు కర్రలు, ఒక దారం, ఫోన్‌లోని లెవెల్ మీటరు ఉంటే అరగంటలో తేలిపోతుంది.

కూలిన రాళ్ళను మాత్రం కదపకండి. అరుగు ఉంటే వాటి కిందే భద్రంగా ఉంటుంది.

నా అంచనా ఇది. దాగి ఉండటం, ఆరని సన్నటి వాగు, పైనుంచి వచ్చే కాలువ, కాలిన పొయ్యి, బూడిద. ఈ ఐదిట్లో నాలుగు ఉంటే బట్టీ అని ధైర్యంగా రాయొచ్చు. రెండే ఉంటే "కావచ్చు" అనాలి. ఇప్పటికి మీ గుడిసెకు రెండు ఖాయం, రెండు అనుమానం. వాగు ఎండాకాలంలో కూడా పారుతుందా అన్నది స్థానికంగా కనుక్కోవాలి, నేను దాన్ని ఖాయం కింద వేసేశాను.

---

మ్యాప్_పురుగు

కొండకు మళ్ళీ వెళ్ళేముందు మ్యాపులు చూసుకోండి. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ మ్యాపుల సైటులో పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) ఆరంగుళాల మ్యాపును, అంటే మైలుకు ఆరంగుళాల చొప్పున గీసినదాన్ని, ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద పరిచి, పారదర్శకత తగ్గిస్తూ పోల్చుకోవచ్చు. ఉచితం. ఆ గుడిసె అందులో "షీప్‌ఫోల్డ్" (గొర్రెల దొడ్డి) అని ఉంటే కథ అక్కడితో సరి. అసలేమీ లేకపోతే అప్పటికే కూలిపోయిందనో, సర్వేవాళ్ళ కంట పడలేదనో అర్థం. బట్టీకి రెండోది సరిపోతుంది, అంతవరకే. 1747-55 నాటి రాయ్ సైనిక సర్వే మ్యాపు కూడా అక్కడే ఉంది. దాంట్లో కొన్నిచోట్ల షీలింగ్‌లు గుర్తించారు, కానీ కొలతలు నమ్మదగ్గవి కావు, ఒక వాగు అటూఇటూ అయినా ఆశ్చర్యపోవద్దు.

ఆ తర్వాత ట్రోవ్ డాట్ స్కాట్ సైటు చూడండి, స్కాట్లాండ్ పాత కట్టడాల వివరాలుండే కాన్మోర్ సైటు సమాచారమంతా 2025లో అందులోకి మారింది. మీ లోయలో ఇప్పటికే నమోదైన కట్టడాలు దొరుకుతాయి. స్కాటిష్ రిమోట్ సెన్సింగ్ పోర్టల్‌లో లైడార్ చిత్రాలున్నాయి (విమానం నుంచి లేజర్‌తో నేల ఎత్తుపల్లాలు కొలిచి గీసినవి), కానీ కొండ ప్రాంతాలన్నిటికీ లేవు. ఉన్నచోట షీలింగ్ గట్లు అద్భుతంగా కనిపిస్తాయి, లోతైన గాడిలోని గుడిసె మాత్రం తరచూ తప్పిపోతుంది.

నవంబరు నుంచి మార్చి మధ్య వెళ్ళడం మేలు. బ్రాకెన్ ఫెర్న్ చచ్చి నేల బయటపడుతుంది, వాలుగా పడే ఎండలో చిన్న గట్టుకి కూడా నీడ వస్తుంది. డిసెంబరులో పగలు ఆరేడు గంటలే, తిరుగు దారి లెక్కేసుకోండి. వేసవిలో అయితే పిడుదు పురుగులు, వాటితో లైమ్ జబ్బు. ప్యాంటు సాక్సులోకి దోపి, ఇంటికొచ్చాక ఒళ్ళంతా చూసుకోవాలి.

నమోదు చేసేది: పదంకెల గ్రిడ్ రిఫరెన్స్ (మ్యాపులో స్థలాన్ని గుర్తించే సంఖ్య), గుడిసె నాలుగు మూలల నుంచి ఒక్కో ఫోటో, గుమ్మం నుంచి ఒకటి, వాగు అవతలి ఒడ్డు నుంచి ఒకటి. ప్రతిదాంట్లో కొలకర్ర, లేకపోతే పొడవు తెలిసిన నడక కర్ర అయినా కనిపించాలి. చేత్తో గీసిన ప్లాను మీద ఉత్తర దిక్కు, లోపలి కొలతలు, గోడ మందం, కాలువ మొదలూ చివరా. అది ఆ ప్రాంతపు కౌన్సిల్ పురావస్తు రికార్డు విభాగానికి ఈమెయిల్ చేయండి, "ఇది బట్టీ" అని కాకుండా "వాగు గాడిలో చిన్న కట్టడం, కాలువ ఉంది" అని.

చట్టం: స్కాట్లాండ్‌లో 2003 చట్టం ప్రకారం బాధ్యతగా నడిచినంతవరకు కొండల్లో ఎక్కడైనా తిరగొచ్చు. తవ్వే హక్కు మాత్రం అందులో లేదు. రక్షిత కట్టడం అయితే 1979 చట్టం కింద అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ వాడినా నేరమే. ఎక్కడైనా సరే, నేల మీద పాత రాగి ముక్కో, కుండపెంకో దొరికితే అది మనది కాదు, ప్రభుత్వానికి చెందుతుంది, ట్రెజర్ ట్రోవ్ విభాగానికి చెప్పాలి. ఉన్నచోటే ఫోటో తీసి, స్థలం రాసుకుని, కదపకుండా చెప్పడం ఇంకా మంచిది. ఏ పొరలో, పొయ్యికి ఎంత దూరంలో ఉందన్నదే దాని విలువ.

---

కొండగాలి

మ్యాపులో చూశాను. ఆరంగుళాల షీటులో అక్కడ ఏమీ గుర్తించలేదు, (అ) షీలింగ్‌లు కూడా లేవు. పాతగోడలు గారూ, ఆ నారింజ రంగు పైనుంచి చారలుగానే జారి ఉంది, పట్టీలా లేదు.

---

పాతగోడలు

అయితే అది ఇనుము. పొయ్యిని లెక్కలోంచి తీసేయండి, అనుమానాల్లో కాలువ ఒక్కటే మిగిలింది. ఈసారి గుమ్మం ముందు వాలులో, వాగు కోసిన ఒడ్డున బూడిద పొర ఉందో లేదో చూసి రాయండి. గుమ్మానికి దిగువన మొదటి రెండు మూడు మీటర్లు చాలు, అంతకన్నా దూరంగా ఎవరూ పారబోయరు.